ముందు గ్లాసులో, ఆ తర్వాతే మట్టిలో: చిన్న తరగతుల పిల్లలతో మొక్కలు పెంచే పని, మొదటి నుంచి చివరి దాకా

"విత్తనాలు వేయించాం సార్, పది రోజులైనా ఒక్కటీ పైకి రాలేదు, పిలకాయలు ఇప్పుడు ఆ వైపే చూడట్లేదు." జూన్ చివర్లో మొదలుపెట్టి తోటి టీచర్ల నుంచి, కొందరు తల్లిదండ్రుల నుంచి నాకు వచ్చే ఫోన్లు ఇంచుమించు ఇవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

నేను కావలికీ సింగరాయకొండకీ మధ్య ఒక పల్లె బడిలో ఒకటి నుంచి అయిదు తరగతులకు చెప్తాను. సముద్రం దగ్గర, బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మొదటి ఏడాది నేనూ అదే తప్పు చేశా. బడి తెరిచిన వారానికే ఎండలో నేల తవ్వించి, గింజలు చల్లించి, బోరు నీళ్లు పోయించా. ఏమీ రాలేదు. పిల్లలు బాధపడతారని ఒక సాయంత్రం నర్సరీ నుంచి నారు తెచ్చి గుట్టుగా పాతేశాను. పొద్దున్నే నాలుగో తరగతి వాడొకడు వంగి చూసి, "మనం వేసింది బెండ కదా సార్, ఇది వంగనారు" అన్నాడు. రైతు బిడ్డలకి టోపీ పెట్టబోతే అంతే మరి.

అప్పటి నుంచి వరస మార్చాను. గింజ ఏం చేస్తుందో పిల్లలు ముందు గ్లాసులో కళ్లారా చూస్తారు, మట్టి జోలికి ఆ తర్వాతే వెళ్తాం.

## 1. ఎప్పుడు మొదలుపెట్టాలి

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో పడుతుంది, అదీ ఈశాన్య రుతుపవనాలతో. జూన్, జూలైలో మబ్బు పడుతుంది గానీ నేల తడిసేది తక్కువ. జూన్ 5న పర్యావరణ దినోత్సవం అని మొక్కలు నాటి ఫోటోలు దిగుతుంటాం, ఆ రోజుకి మన బడులు తెరవనే తెరవం, నీళ్లు పోసేవాళ్లుండరు, మృగశిర కార్తె కూడా రాదు. ఆ ఫోటోలో మొక్కలు ఎన్ని బతికాయో నాటినవాళ్లకే తెలుసు.

నేను పాటించే వరస ఇది:

- జూన్ మూడో వారం నుంచి జూలై చివరి దాకా: అన్నీ గది లోపల. గింజ విప్పి చూడటం, గ్లాసు మొలకలు, చిన్న చిన్న ప్రయోగాలు.
- జూలైలో ఒక్క పని మాత్రం బయట: కంచె పక్కన రెండు పాదులు తీసి తీగ చిక్కుడు పెట్టడం. తీగ చిక్కుడు పొద్దు తగ్గే చలి రోజుల్లోనే పూస్తుంది, ఎప్పుడో పెట్టినా కాయ మాత్రం సంక్రాంతి ముందే. పిల్లలకి ఓపిక అంటే ఏమిటో ఇది చెప్పినంత బాగా మనం చెప్పలేం.
- ఆగస్టు: మట్టి, మడి సిద్ధం చేసుకోవడం, కుండీల్లో ఆకుకూరలు.
- సెప్టెంబరు 15 లోపు: బక్కెట్లో వేరుశనగ.
- దసరా సెలవులు అయిపోగానే: మడిలో బెండ, అలసంద, మెంతి, కొత్తిమీర.
- సంక్రాంతి సెలవులకు ముందే: కోత, వేరుశనగ తవ్వడం.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక కొత్తగా ఏదీ వేయొద్దు. ఏప్రిల్ చివర్లో బడి మూసేస్తాం, మే ఎండల్లో ఆ మొక్కకు దిక్కుండదు.

## 2. పిల్లల్ని కూర్చోబెట్టే ముందు సర్దుకోవాల్సినవి

సగం తరగతులు పాడయ్యేది ఇక్కడే. పిల్లలు చుట్టూ మూగాక కత్తెర కోసం, గుడ్డ కోసం వెతుక్కుంటే పది నిమిషాల్లో గింజలు సగం నేల మీద, సగం నోట్లో.

గది పనికి:
- పారదర్శకంగా ఉండే గ్లాసులు, లేదా పైభాగం కోసేసిన లీటరు నీళ్ల సీసాలు. నలుగురికి ఒకటి చాలు. కోసిన అంచుకి టేపు అంటించండి, లేకపోతే వేళ్లు తెగుతాయి.
- పాత నూలు గుడ్డ ముక్కలు. పాలిస్టరు తడి పట్టదు.
- పెసలు, అలసందలు, జొన్నలు, పచ్చి వేరుశనగ గింజలు. ఒక్కోటి గుప్పెడు.
- పేరు రాసే చీటీలు, స్కేలు, దారం.

బయట పనికి:
- పార, గునపం (ఇవి పెద్దవాళ్ల చేతికే), తట్ట.
- అడుగున చిల్లులు పెట్టిన పాత పెయింటు బక్కెట్లు, నూనె డబ్బాలు.
- మూతకు చిల్లులు పెట్టిన నీళ్ల సీసాలు, పిల్లకి ఒకటి. చిల్లులు కాల్చిన మేకుతో మీరే పెట్టండి.

ఇప్పుడు విత్తనాల సంగతి. వంటింటి డబ్బాలోని పెసలు, అలసందలు, మెంతులు, ధనియాలు మొలుస్తాయి, కాకపోతే పాతవి కాకూడదు. పప్పుగా పగలగొట్టినవి మొలవవు, వేయించినవి మొలవవు. నవ్వకండి, వేయించిన వేరుశనగలు వేసి నాలుగు రోజులు ఎదురుచూసిన టీచరు నాకు తెలుసు. బెండ, గోంగూర విత్తనం మాత్రం కొనాలి.

కొన్నప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. ప్యాకెట్లో గింజలు గులాబీ రంగులోనో నీలంగానో ఉన్నాయంటే వాటికి మందు పట్టించారని అర్థం. అవి పిల్లల చేతికి ఇవ్వొద్దు. మందు పట్టించనివి దొరక్కపోతే రైతుల ఇళ్లలో ఉట్టిమీదో అటకమీదో దాచిన విత్తనం అడగండి, సంతోషంగా ఇస్తారు.

జాగ్రత్తల్లో కూడా మొహమాటపడకండి:
- ఒకటి, రెండు తరగతుల పిల్లలు గింజల్ని ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి. గింజ ముక్కులో ఇరుక్కుంటే మీరు పుల్లతో తీయబోవద్దు, ఆస్పత్రికి తీసుకెళ్లండి.
- బడి చుట్టూ గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం, గురివింద ఉన్నాయేమో ముందే చూసుకోండి. ఇవి విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. వయ్యారిభామను చేత్తో పీకించొద్దు, దద్దుర్లు వస్తాయి.
- రాళ్లు, ఇటుకలు పిల్లల చేత ఎత్తించొద్దు. వాటి కింద తేళ్లుంటాయి, మన వైపు మరీను.
- పని అయ్యాక సబ్బుతో చేతులు. ఆ నీళ్లు ఎక్కడికి వెళ్తాయో కూడా చూడండి, తర్వాత పనికొస్తాయి.

## 3. మొదటి రోజు: గింజ విప్పి చూడటం

ముందురోజు సాయంత్రం అలసందలు నానబెట్టండి. కొన్ని నానబెట్టకుండా ఎండువి కూడా ఉంచండి.

పొద్దున ఇద్దరికి ఒక నానినది, ఒక ఎండుది ఇచ్చి పక్కపక్కన పెట్టుకోమనండి. ఏమీ చెప్పకండి. "తేడా ఏంటి?" అని మాత్రం అడగండి. పెద్దదయింది, మెత్తగుంది, ముడతలు పడింది, వాసనొస్తోంది... బోర్డు మీద వాళ్ల మాటలే రాయండి.

తర్వాత గోటితో పైతోలు తీయించి రెండు బద్దలుగా విడదీయించాలి. కంటికి దగ్గరగా పెట్టుకుంటే ఒక బద్ద అంచున తెల్లగా, చిన్న కొక్కెంలా ఒకటి అతుక్కుని ఉంటుంది. దాని ఒక చివర మొనదేలి ఉంటుంది, రెండో చివర రెండు ఆకులు మడతపెట్టి దోపినట్టు ఉంటాయి, ఆ ఆకుల మీద సన్నని గీతలు కూడా కనిపిస్తాయి. పిల్లలు ఇక్కడ తప్పకుండా అరుస్తారు, అరవనివ్వండి. ఆ రెండు బద్దలూ దేనికో వెంటనే చెప్పేయొద్దు. పది రోజుల తర్వాత మొక్కకి అతుక్కునే అవి వడిలి ముడుచుకుపోతాయి, అప్పుడు అడగండి. మా బడిలో ఒక పాప "వాళ్లమ్మ కట్టిచ్చిన చద్దిమూట సార్, తినేసింది" అంది. నేను ఆ పాఠానికి ఇంకో మాట వాడలేదు.

## 4. గ్లాసులో మొలక

అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే, తొందరపడకండి. వారం రోజులు పడుతుంది.

1. గుడ్డను తడిపి పిండి, గ్లాసు లోపలి గోడకు ఆనేలా చుట్టి పెట్టండి. మధ్యలో కాగితం ఉండ కుక్కితే గుడ్డ జారదు.
2. గుడ్డకీ గ్లాసు గోడకీ మధ్య, సగం ఎత్తులో, గింజలు దోపండి. ఒక గ్లాసులో నాలుగు అలసందలు, ఇంకోదాంట్లో నాలుగు జొన్నలు. పెసలు ఇంకోదాంట్లో, అవి ఒక రోజులోనే మొలక చూపిస్తాయి కాబట్టి చిన్న పిల్లలకు నిరాశ ఉండదు.
3. అలసందలో ఒకటి కన్ను పైకి, ఒకటి కిందకి, ఒకటి పక్కకి పెట్టించండి. కన్ను అంటే మచ్చ ఉన్న వైపు.
4. అడుగున వేలెడు మందం నీళ్లు పోయండి. గుడ్డే పైకి లాగుతుంది. గింజకి నీళ్లు తగలకూడదు.
5. చీటీ మీద తేదీ, పేర్లు.
6. "ముందు ఏది వస్తుంది, వేరా ఆకా?" అని చేతులెత్తించండి. లెక్క బోర్డు మూల రాసి చెరపకుండా ఉంచండి.

పెసలకు ఒక రోజు, జొన్న, అలసందలకు రెండు మూడు రోజులు. ముందు వేరే వస్తుంది. కన్ను ఎటున్నా వేరు వంకర తిరిగైనా కిందికే దిగుతుంది.

నాలుగో రోజు ఒక గ్లాసులో నీళ్లు వంపేసి, గుడ్డ తడిగానే ఉంచి, గ్లాసును అడ్డంగా పడుకోబెట్టండి. మర్నాటికి వేరు కొస మళ్లీ నేల వైపు తిరిగి ఉంటుంది. ఆ వంపు దగ్గర స్కెచ్‌పెన్‌తో గ్లాసు మీద గీత పెట్టించండి, లేకపోతే "ముందే అలా ఉంది సార్" అని గొడవ.

జొన్న ఒక్క ఆకుతో సూదిలా లేస్తుంది, అలసంద రెండు బద్దల్ని మోసుకుంటూ వంగి లేస్తుంది. రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి బొమ్మ గీయిస్తే ఏకదళం, ద్విదళం అన్న మాటలు పెద్ద తరగతిలో వచ్చినప్పుడు వాటికి ఒక రూపం ఉంటుంది.

ఇప్పుడు అసలు తప్పు. పిల్లలకి ప్రేమ ఎక్కువై నీళ్లు నిండా పోసేస్తారు. ఒకసారి మూడో తరగతి పాప గ్లాసు అంచు దాకా నింపింది, రెండో రోజుకి గింజలు ఉబ్బి, మూడో రోజుకి కంపు కొట్టాయి. ఆ పిల్ల గ్లాసు పట్టుకుని వచ్చి, "ఊపిరాడక చచ్చిపోయాయా సార్?" అని అడిగింది. కాదమ్మా కుళ్లిపోయాయి అనబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఆమె చెప్పిందే నిజం. మొలకెత్తే గింజకి గాలి కావాలి, నీళ్లలో మునిగితే చాలినంత అందదు. అప్పటి నుంచి కావాలనే ఒక గ్లాసు నిండా నీళ్లు పోసి పక్కన పెడుతున్నా.

మిగతా చిన్న తప్పులు:
- తెల్లగా బూజు వస్తే ఆ గింజ తీసేసి గుడ్డ మార్చండి. గింజలు ఒకదానికొకటి తగలకూడదు.
- చీమలు వస్తే గ్లాసుల్ని నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టండి.
- కిటికీ ఎండలో పెట్టొద్దు, మన ఎండకి గుడ్డ గంటలో ఎండిపోతుంది. వెలుతురు చాలు.
- శనివారం సాయంత్రం నీళ్లు చూసుకోండి, ఆదివారం ఎవరూ ఉండరు.

## 5. ఒక్కటే మార్చి చూద్దాం

మూడు నుంచి అయిదు తరగతుల వాళ్లకి ఇది బాగా పడుతుంది. నియమం ఒకటే: రెండు గ్లాసులూ అన్నిట్లో ఒకేలా ఉండాలి, ఒక్క విషయంలో తప్ప. చీకటీ మార్చి నీళ్లూ మార్చితే దేనివల్ల ఏమైందో ఎవరికీ తెలీదు.

చీకటి. మొలిచిన పెసల గ్లాసుని అట్టపెట్టె కింద బోర్లించి నాలుగు రోజులు ఉంచండి. పసుపుపచ్చగా, పొడుగ్గా సాగి తూలిపోతుంటాయి. వెలుతురులోవి పొట్టిగా, పచ్చగా. పిల్లలంతా పొడుగుదే గొప్ప అనుకుంటారు, కాసేపు అనుకోనివ్వండి. తర్వాత రెండింటినీ వెలుతురులో పెట్టి ఏది నిలబడుతుందో చూడండి.

ఒక చిల్లు. చెప్పుల పెట్టెకి ఒక పక్క రూపాయి బిళ్లంత చిల్లు పెట్టి లోపల మొలకల గ్లాసు ఉంచి మూయండి. ఒకటి రెండు రోజుల్లో అన్నీ చిల్లు వైపు మెడలు చాపుతాయి.

ఉప్పు. ఇది మన తీరం పిల్లలకి తప్పనిసరి. ఒక గ్లాసులో మంచినీళ్లు, ఒకదాంట్లో గ్లాసుడు నీళ్లకి చెంచాడు ఉప్పు కలిపినవి, మూడోదాంట్లో మీ బడి బోరు నీళ్లు. ఒక్కోదాంట్లో 10 పెసలు. మూడో రోజు లెక్కపెట్టించండి. ఉప్పు గ్లాసులో ఏమీ రావు. బోరు గ్లాసులో ఎన్ని వచ్చాయన్నదాన్ని బట్టి మీ మడికి ఏ నీళ్లు వాడాలో మీకే తెలిసిపోతుంది. నాకు పదిలో నాలుగే వచ్చాయి, మొదటి ఏడాది గింజలన్నీ ఎందుకు పోయాయో ఆ రోజు అర్థమైంది.

రంగు పూలు. తెల్ల లిల్లీ పూల కాడను ఏటవాలుగా కోసి, మిఠాయిల్లో వేసే రంగు కలిపిన నీళ్లలో రాత్రంతా ఉంచండి. రేకుల్లోకి రంగు ఎక్కుతుంది. కోయడం మీ పని. ఇది అరగంట సరదా, అంతకన్నా సాగదీయొద్దు.

## 6. మట్టి, మడి

బడి నేల ఎలాంటిదో చూసుకోండి. తడి మట్టిని పిడికిట్లో పట్టి వదిలితే వెంటనే రాలిపోతే ఇసుక నేల, కావలి నుంచి కొత్తపట్నం దాకా సముద్రం వైపు చాలాచోట్ల ఇదే. ముద్దై చేతికి అంటుకుంటే రేగడి, ఒంగోలు చుట్టుపక్కల శనగ, పొగాకు వేసే నల్ల నేలలు ఇలా ఉంటాయి. ఇసుకకి చెరువు మట్టి, ఎరువు కలపాలి. రేగడికి ఇసుక, ఎరువు కలపాలి. కుండీలకైతే నేను రెండు తట్టల ఎర్రమట్టికి ఒక తట్ట ఎరువు, ఒక తట్ట ఇసుక వేస్తాను.

ఎరువు అంటే బాగా మాగిన పశువుల ఎరువు. వాసన రాకూడదు, చేతిలో పొడిలా రాలాలి. పచ్చి పేడ వేస్తే వేడికి లేత వేళ్లు మాడతాయి.

మడి వెడల్పు రెండున్నర అడుగులు మించనివ్వకండి. చిన్నపిల్లల చెయ్యి రెండు వైపుల నుంచి మధ్యకి అందాలి, అందకపోతే కాళ్లు లోపల పెడతారు, తొక్కిన నేలలో గింజ లేవదు. మడికీ మడికీ మధ్య అడుగున్నర దారి. గోడకి తూర్పు వైపు చోటుంటే అదే మంచిది, పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నం గోడ నీడ పడుతుంది. అయిదారు గంటల ఎండ చాలు. మడిని చుట్టూ ఉన్న నేలకన్నా కాస్త ఎత్తు లేపండి, నవంబరు వాయుగుండాల వానకి పల్లంలో నీళ్లు నిలిచి మొత్తం కుళ్లుతుంది.

కంచె లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. రెండో శనివారం, ఆదివారం వరసగా సెలవులొచ్చిన ఒక వారం మా గేటు ఎవరో తీసి వదిలేశారు. సోమవారం పొద్దున మూడు మేకలు, మోడు మిగిలిన మెంతి మడి, మడి చుట్టూ నిలబడి ఏడుస్తున్న రెండో తరగతి. తుమ్మ కంపైనా, పాత చేపల వలైనా కట్టండి. వల మా ఊళ్లో ఊరికే ఇస్తారు.

## 7. విత్తడం

నలుగురైదుగురికి ఒక మడి. "నీ మొక్క నీది" అని ఒక్కొక్కరికీ ఒక్కటే ఇవ్వొద్దు, ఎవరిదైతే చస్తుందో ఆ పిల్ల ముఖం చూడలేం. జట్టుకి ఇవ్వండి, పక్కన కుండీలో అదనంగా నాలుగు మొక్కలు పెంచి ఉంచండి. ఇవి అదనం అని పిల్లలకి చెప్పే పెంచండి, నాలా గుట్టుగా కాదు.

లోతు కోసం పిల్లలకి స్కేలు వద్దు, వేలే చాలు. గింజ ఎంత లావుందో దానికి రెండింతలు, మహా అయితే మూడింతల లోతు.

- మెంతి: గీత గీసి పలచగా వేసి మట్టి జల్లాలి. 3 నుంచి 5 రోజుల్లో మొలుస్తుంది, నాలుగు వారాలకి కోత.
- తోటకూర: ఇసుక కలిపి చల్లాలి, లేకపోతే అంతా ఒకచోటే పడుతుంది. నెలలోపే కోత.
- ధనియాలు: చెప్పుతోనో పీటతోనో మెల్లిగా నలిపి రెండు బద్దలు చేసి వేయాలి. పది రోజులు పట్టొచ్చు, ముందే చెప్పండి.
- బెండ: రాత్రంతా నానబెట్టి, జానెడు దూరంలో గుంటకి రెండు గింజలు. వారంలో మొలక, నలభై రోజులకి అటూ ఇటూగా పువ్వు, పువ్వు విడిన అయిదారు రోజులకే కాయ.
- అలసంద: అప్పటికి మళ్లీ గ్లాసులో మొలిపించినవి నాటొచ్చు, వేరు తెగకుండా గుడ్డ తడిపి విడదీయాలి. సాయంత్రం నాటండి.

ఇంట్లో అట్టుకి పగలగొట్టే గుడ్లు పైభాగం మాత్రమే తీసి వాడితే, ఆ పెంకులు పడేయకండి. కడిగి, అడుగున సూదితో చిల్లు పెట్టి, మట్టి నింపి ఒక టమాటా గింజ వేస్తే చక్కని నారు గిన్నె. నాటేటప్పుడు పెంకు నలిపి మొత్తం అలాగే పాతొచ్చు. ఒకటో తరగతి వాళ్లు పెంకు మీద కళ్లు, మూతి గీస్తారు, మొలక లేస్తే జుట్టు.

ఒక గుంటలో ఇరవై గింజలు కుమ్మరించే పిల్లవాడు ప్రతి ఏటా ఒకడుంటాడు. ఆపకండి. ఆ గుంట దగ్గర పుల్ల పాతి, మూడు వారాల తర్వాత అక్కడి మొక్కల్ని, రెండు గింజలేసిన చోటి మొక్కల్ని పోల్చమనండి.

మట్టి తవ్వి గింజ మొలిచిందా అని రోజూ చూసేవాళ్లు కూడా ఉంటారు. తిట్టినా ఆగరు. వాళ్ల కోసం మడి చివర అడుగు జాగా "తవ్వి చూసే చోటు" అని వదిలి గింజలెక్కువ వేయండి. ఆ చిట్కాతో మిగతా మడి బతికింది.

## 8. నీళ్లు

వేలు మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చాలి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. ఈ ఒక్క అలవాటు పడితే చాలు. రోజూ పోయాలి అని మనం చెప్పడం వల్లే సగం మొక్కలు పోతున్నాయి.

ప్రార్థన గంటకి ముందు పోయించండి. బోరు ఉప్పదైతే బియ్యం కడిగిన నీళ్లు, వాన నీళ్లు పట్టిన డ్రమ్ము, మంచినీళ్ల కొళాయి దగ్గర చేతులు కడిగిన నీళ్లు (సబ్బు తక్కువగా ఉన్నవి) వాడండి. మట్టి పైన తెల్లని పొర కడుతుంటే అది ఉప్పు, ఆ నీళ్లు ఆపండి.

వారానికో జట్టుకి వంతు. జాబితా గోడమీద ఉండాలి, మీ తలలో కాదు.

## 9. కొలవడం, రాయడం

ప్రతి సోమవారం మాత్రమే. రోజూ అంటే విసుగు.

చిన్నవాళ్లు దారం మొక్క పక్కన పట్టి మొక్కంత ముక్క కత్తిరించి, తేదీ వేసి గోడ మీద వరసగా అంటించాలి. నెలకి దారాలే గ్రాఫు అయిపోతాయి. పెద్దవాళ్లు స్కేలుతో కొలిచి, ఆకులు లెక్కపెట్టి, ఒక వాక్యం రాయాలి. వాక్యం తప్పుల్లేకుండా ఉండాలని దిద్దకండి. "ఇవాళ ఆకు మీద పురుగు నన్ను చూసింది" అని మా వాడొకడు రాశాడు, దాన్ని ఎలా దిద్దుతాం.

## 10. వేరుశనగ బక్కెట్టు

చేస్తే ఇది చేయండి, మిగతావి మానేసినా పర్వాలేదు. పూత పైన, కాయ కింద అన్నది పిల్లలకి గారడీలా ఉంటుంది.

1. సెప్టెంబరు 15 లోపు 20 లీటర్ల బక్కెట్లో ఇసుక పాలు ఎక్కువున్న మట్టి నింపండి. గట్టి మట్టైతే ఊడ (పూత తర్వాత మట్టిలోకి దిగే సన్నని కాడ) దిగదు.
2. పైపొట్టు చెదరని పచ్చి గింజలు మూడు, రెండు అంగుళాల లోతులో. మొలిచాక రెండు ఉంచండి.
3. నెల రోజులకి అటూ ఇటూగా పసుపు పూలు వస్తాయి, పొద్దున్నే చూడాలి, మధ్యాహ్నానికి వాడిపోతాయి. ఒక పువ్వు కణుపుకి ఎర్రదారం వదులుగా కట్టించండి.
4. ఆ కణుపు నుంచి వారం, పది రోజుల్లో సన్నని ఊడ కిందికి దిగుతూ మట్టిలోకి గుచ్చుకుంటుంది. ఇప్పుడు బక్కెట్టు కదపొద్దు, మొక్క మొదట్లో కాస్త మట్టి ఎగదోయండి.
5. ఒక ఊడ కింద చిన్న గిన్నె అడ్డం పెట్టి మట్టి తగలకుండా చేయండి. దానికి కాయ కట్టదు.
6. 110 రోజులు దాటాక, అంటే జనవరి మొదటి వారంలో, పాత గోనెసంచి పరిచి బక్కెట్టు బోర్లించండి.

రెండు మొక్కలకి గుప్పెడో రెండు గుప్పెళ్లో కాయలు. ఎర్రదారం కట్టిన చోటు వెతికి దాని కాయ చూపించాలి, అప్పుడే మూడున్నర నెలల కథ అతుకుతుంది.

## 11. తేడా వస్తే

- మొలకలు మొదలు దగ్గర సన్నబడి పడిపోతున్నాయి: నారుకుళ్లు. నీళ్లు తగ్గించి, మొలకల్ని పలచన చేయండి.
- అలసంద లేత కొసలకి నల్లగా అంటుకున్నవి: పేనుబంక. లీటరు నీళ్లకి చెంచాడు సబ్బు నీళ్లు కలిపి మీరు పిచికారీ చేయండి. పిల్లలు ముందు చూడాలి, చీమలు వాటి దగ్గరికి ఎందుకొస్తున్నాయో అడగండి.
- బెండ ఆకు ఈనెలు పసుపైపోతున్నాయి: పల్లాకు తెగులు, తెల్లదోమ తెస్తుంది. నయం కాదు, పీకేయండి.
- ఆకులు రాత్రికి రాత్రి తినేస్తున్నాయి, జిగురు చారలున్నాయి: నత్తలు. సాయంత్రం తడి గోనె ముక్క పరిచి పొద్దున ఎత్తితే కిందే ఉంటాయి.
- కింది ఆకులు పసుపు, మట్టి ఎప్పుడూ తడి: నీళ్లెక్కువ.

పురుగుమందు బడి మడిలో కొట్టొద్దు. ఆ ఆకే పిల్లల పప్పులోకి వెళ్తుంది.

చచ్చిన మొక్కను పిల్లలు రాకముందే పీకేయకండి. పీకడం వాళ్లతోనే చేయించి వేరు చూడమనండి. నల్లగా మెత్తగా ఉంటే నీళ్లెక్కువైంది, ఎండి పీచులా ఉంటే చాలలేదు, కొరికి ఉంటే పురుగు. ఏడ్చిన పిల్ల కూడా ఇక్కడికొచ్చేసరికి డిటెక్టివ్ అయిపోతుంది.

## 12. సెలవులు

దసరాకి ఊళ్లోనే ఉండే ఇద్దరు పిల్లల్ని, ఒక తల్లినో వంట చేసే అక్కనో ముందే అడిగి పెట్టుకోండి. కుండీలన్నీ నీడలో ఒకచోట చేర్చి, మట్టిపై ఎండుగడ్డి పరిచి, సీసాలకి సన్నని చిల్లు పెట్టి నీళ్లు నింపి మొదట్లో గుచ్చండి. నాలుగైదు రోజులు ఆగుతాయి. తుపాను హెచ్చరిక ఉంటే కుండీలు వరండాలోకి, బక్కెట్టు కూడా.

## 13. కోత, ఆ తర్వాత

కోసింది ఎంత తక్కువైనా అది ఆ రోజు వంటలో పడాలి. తూకం వేయించండి, గ్రాములు బోర్డు మీద రాయించండి, కడిగించండి, వంట అక్క చేతికి పిల్లలే ఇవ్వాలి. నలభై మందికి రెండు మెంతికట్టలు పప్పులో కనిపించనే కనిపించవు. అయినా ఇంట్లో మెంతి ముట్టని పిల్లలు ఆ రోజు ఆకు వెతుక్కుని మరీ తింటారు.

బెండలో రెండు కాయలు మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. రంగు గుడ్డ కట్టేయండి. మొక్క మీదే ఎండి, ఊపితే గలగలమన్నాక కోసి, గింజలు ఒలిపించి, వేపాకు వేసిన కాగితం పొట్లంలో కట్టి, నెల, సంవత్సరం, జట్టు పేరు రాసి బీరువాలో పెట్టండి. జూన్‌లో బడి తెరవగానే ఆ పొట్లం విప్పి పది గింజలు తడిగుడ్డలో చుట్టించండి. ఏడెనిమిది మొలిస్తే ఆ ఏడాది బెండ విత్తనం కొనక్కర్లేదు.